నేను తిరగేసి కుట్టిన పదహారు పేజీలు

మొన్న రాజమండ్రి వెళ్లే బస్సులో నా పక్క సీట్లో ఒక కాలేజీ అమ్మాయి జపాన్ బొమ్మల కథల పుస్తకం చదువుతోంది. నేను తొంగి చూడడం గమనించి, "తాతగారూ, దీన్ని కుడివైపు నుంచి చదవాలండి. మన పుస్తకంలా తిప్పితే కథ తిరగబడిపోతుంది" అని ఓపిగ్గా చెప్పింది. ఆ ముక్క నాకు చెప్పడానికి ఆ అమ్మాయి ముప్పై ఏళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది. ముందే వచ్చి చెప్పి ఉంటే, నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను చేసిన అతి పెద్ద తప్పు జరిగేది కాదు. చిన్నవాళ్లు చదువుతారన్న ఆశతో ఆ తప్పు సంగతి రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివినా నష్టం లేదు. వాళ్లు ఎలాగూ మారరు.

కువైట్ వెళ్లక ముందు నేను అమలాపురంలో ఒక చిన్న ప్రెస్సులో పనిచేశాను. జాతకాల మీద, చేతబడి మీద, బల్లిపాటు మీద విరుచుకుపడే కరపత్రాలు అక్కడ అచ్చయ్యేవి. వాటికి అక్షరాలు కూరుస్తూ, కూర్చినవి చదువుతూ, చదివినవి ఆదివారం గ్రంథాలయంలో ఇతరుల నెత్తిన వేస్తూ పెరిగాను. వాదనలో గెలిచిన రోజు నాకు అన్నం బాగా సహించేది. ఎనభై రెండులో కువైట్ వెళ్లి, షువైఖ్‌లో ఒక పెద్ద ప్రెస్సులో పేస్టింగ్ పనిలో చేరాను. బొమ్మలూ అక్షరాలూ కత్తిరించి, కొలత ప్రకారం షీటు మీద అతికించి, కెమెరాకు పంపడం నా పని. అరబ్బీ రాకపోయినా ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయని చేతులకు అలవాటైపోయింది.

అదే ప్రెస్సులో బైండింగ్ పెద్ద ఒకాయన ఉండేవాడు. కడప జిల్లా మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. అబ్బాసియాలో ఇద్దరిదీ ఒకే గది. ఆయన నన్ను "అయివారూ" అని పిలిచేవాడు. వాళ్ల వైపు బడిపంతులును అలా పిలుస్తారు. గౌరవం కాదు, ఎత్తిపొడుపు. అన్న మంగళవారం కొత్త పని మొదలుపెట్టడు. కట్టింగ్ మిషన్ కింద నిమ్మకాయ పెట్టనిదే మీట నొక్కడు. ఒకరోజు ఆ నిమ్మకాయ తీసి, ఆయన చూస్తుండగానే షర్బత్ చేసుకుని తాగాను. ఆ మధ్యాహ్నమే మిషన్ బెల్టు తెగింది. బెల్టు పాతదని నా వివరణ. నేను తాగానని ఆయన వివరణ. ఎనిమిదేళ్లపాటు ఆ కేసు తేలలేదు.

"తప్పయిందన్నా అని ఒక్కసారి అను, ఇడిసిపెడతా" అనేవాడు.

"తప్పు చేస్తే అంటాను. చెయ్యలేదు గదా."

"నువ్వు ఎప్పుడు చేసినావులే అయివారూ తప్పు. తప్పులన్నీ మా అసుమంటోల్లకి పంచిపెట్టి పుట్టినావు."

ఇక పుస్తకం సంగతి. ఆ రోజుల్లో గల్ఫ్ టీవీల్లో అరబ్బీ మాటలతో ఒక జపాన్ కార్టూన్ వచ్చేది. సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి లైట్‌హౌస్ ఆపద వస్తే ఇనుప కాళ్ల మీద లేచి నిలబడి, ఊరిని కాపాడుతుంది. దాని దీపం గదిలో కూర్చుని నడిపేది పన్నెండేళ్ల పిల్ల. అది వచ్చే వేళకు సాల్మియా ఫ్లాట్లలో పిల్లల అల్లరి వినిపించేది కాదు. మన దగ్గర నవల వచ్చాక సినిమా తీస్తారు. ఇక్కడ అంతా తలకిందులు. ముందు టీవీలో ఆడింది, జనం ఎగబడ్డారు, ఆ తర్వాత దాన్ని బొమ్మల పుస్తకాలుగా గీశారు. గీసినాయన అక్కడక్కడా కథ మార్చాడు కూడా. ఆ పుస్తకాల అరబ్బీ అచ్చు మా ప్రెస్సుకు వచ్చింది. అయిదు సంపుటాలు బయటికి వెళ్లాయి. ఆరోది, చివరిది, చేతిలో ఉంది.

మొదటి అయిదింటికీ ఆ పుస్తకాలు తెచ్చిచ్చే ఏజెంటు పేజీలు విడదీసి, ప్రతి పేజీ మీదా పెన్సిలుతో అంకె వేసి పంపేవాడు. ఆరోదానికి తొందరపడి, కథలో చివరికి దగ్గరలో ఉన్న పదహారు పేజీలను అట్ట లేకుండా, అంకెలు లేకుండా, ఒక సన్నటి పుస్తకంలా కుట్టింది కుట్టినట్టు పంపాడు. అది బుధవారం సాయంత్రం. బొమ్మలు అంచుల దాకా పరుచుకున్నందువల్ల అచ్చులో కూడా పేజీ అంకెలు లేవు. జపాన్ అక్షరాలు నాకు రావు. ఎవరినైనా అడగొచ్చు. అడగలేదు. తర్కించాను. అరబ్బీ ఒక్కటే కుడి నుంచి మొదలవుతుంది, కాబట్టి జపాన్ పుస్తకం ఇంగ్లీషు పుస్తకంలాగే ఎడమ నుంచి మొదలవుతుంది, కాబట్టి కుట్టు ఎడమచేతి వైపు ఉండేలా పట్టుకుంటే పైన కనిపించేదే మొదటి పేజీ. ఎంత శుభ్రమైన తర్కమో చూడండి. అందులో లేనిదల్లా నిజం ఒక్కటే. జపాన్ బొమ్మల పుస్తకం కూడా కుడి నుంచే నడుస్తుంది. అంటే నేను మొదటి పేజీ అనుకున్నది పదహారోది.

ఆ వరసలోనే ఒక్కో పేజీ జెరాక్స్ తీసి, అరబ్బీ పుస్తకంలా కుడివైపు పిన్నులు కొట్టి, డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారుచేశాను. మాటల బెలూన్లకు ఇంటి దగ్గర కొలతలు తీసుకుందామని సంచిలో వేసుకుని గదికి వచ్చాను.

తెల్లవారితే గురువారం. ఆ గురువారం ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది.

మొదటి రెండు రోజులు ఎవరూ గుమ్మం దాటలేదు. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన ప్రెస్సు యజమాని, వేసవికి కైరో వెళ్లి ఉన్నాడు. మా బిల్డింగు కింద అంతస్తులో మెస్ ఉండేది. నడిపేది కోనసీమ బాబాయి. ఆయనతో కలిపి మేం పదకొండుమందిమి ఆయన వండిన పప్పన్నం తింటూ, రేడియోకి చెవులు అప్పగించి కూర్చున్నాం. ఒక్కో స్టేషను ఒక్కో మాట చెప్పేది. మూడో రోజు అన్న పేకముక్కల కోసం నా సంచి వెతికి, డమ్మీ బయటికి లాగాడు.

మొదటి పేజీ చూశాడు. సముద్రం ఒడ్డున ఊరు, ఊరి మీద నల్లటి పొగ. మెస్ కిటికీలోంచి చూశాడు. దూరంగా నల్లటి పొగ.

"అయివారూ, ఇది ఎప్పుడు వచ్చింది నీకు?"

"బుధవారం సాయంత్రం."

"వాల్లు వచ్చింది?"

"గురువారం తెల్లారి."

ఆయన పుస్తకాన్ని కళ్లకద్దుకుని పేజీలు తిప్పాడు. ఇసుకలో మూటలతో నడిచే జనం. తర్వాత ఇళ్లలో దీపం చుట్టూ కూర్చున్న జనం. తర్వాత ఊరి వాకిట్లో గుండ్రటి తలల ఇనుప యంత్రాలు. ఆ తర్వాతి పేజీల్లో ఆ యంత్రాలు చిన్నవవుతూ, చిన్నవవుతూ, చుక్కలైపోయాయి. పదహారో పేజీలో ఖాళీ ఇసుక, పైన సూర్యుడు.

"ఆ జపానాయప్ప ముందే గీసినాడబ్బా. వస్తారు, జనం అల్లాడతారు, మల్లా ఎవురిండ్లల్లో వాల్లు కూసుంటారు. వాల్లంతట వాల్లే ఎల్లిపోతారు. ఖలాస్."

మెస్‌లో ఉన్నవాళ్లంతా ఆయన చుట్టూ చేరారు. నేను లేచి నిలబడ్డాను. అమలాపురం గ్రంథాలయం నాలో మేల్కొంది. చిన్నపిల్లల కార్టూన్ చూసి యుద్ధం సంగతి చెప్పడానికి సిగ్గుండాలన్నాను. నాలుగు పొగలు చూసి నలభై పొంతనలు కుదుర్చుకునే బుద్ధే మనల్ని వెయ్యేళ్లు బానిసలుగా ఉంచిందన్నాను. ఇంకా చాలా అన్నాను. బాగా మాట్లాడానని నాకే అనిపించింది.

కోనసీమ బాబాయి గరిటె పట్టుకుని మొత్తం విన్నాడు. "బాగా చెప్పారండి. మరి ఆళ్లెప్పుడెళ్తారో మీరు చెప్పగలరాండి?"

"అదెలా చెప్పగలను?"

"పుస్తకం చెప్తందండి మరి" అని పప్పు కలపడానికి వెళ్లిపోయాడు.

పేజీకి రెండు రోజులని అన్న లెక్క కట్టాడు. మొదటి రెండు రోజులూ పొగే చూశాం, అది మొదటి పేజీ. రొట్టెల కోసం వరస కట్టిన రోజు రెండో పేజీలో వరస దొరికింది. దొరక్కపోతే దొరికేదాకా చూసేవారు. రోజు విడిచి రోజు పొద్దున్నే పేజీ తిప్పడం మెస్‌లో పూజ అయిపోయింది. నేను రోజూ ఖండించాను. ఖండించిన కొద్దీ జనం పెరిగారు. పక్క బిల్డింగు నుంచి కూడా వచ్చి, నన్ను దాటుకుని పోయి, పుస్తకం చూసి పోయేవారు.

నవ్వుకోవడానికి ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అన్నకు షుగర్. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మెస్ ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, ఆయన సీసాలు మూడు ఉండేవి. రెండయ్యాయి. మందుల షాపులు ఖాళీ. ఫర్వానియా ఆసుపత్రికి వెళ్లి రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. సీసాలో ఎన్ని రోజుల మందు ఉందో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ముప్పై రెండో రోజుకు అన్నీ మామూలైపోతాయని ఆయన ధీమా.

పంతొమ్మిదో రోజున ఒక మలయాళీ మేస్త్రీ జాబితా పట్టుకుని మెస్‌కు వచ్చాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు బస్సు మాట్లాడాడు. అక్కడి నుంచి మన ప్రభుత్వం విమానాల్లో బొంబాయి తీసుకెళ్తోందని చెప్పాడు. మా పాస్‌పోర్టులు ప్రెస్ బీరువాలోంచి అప్పటికే తెచ్చుకున్నాం. బస్సు ఎల్లుండి పొద్దున. పేర్లు రేపు మధ్యాహ్నంలోగా ఇవ్వాలి. ఇంకో బస్సు ఎప్పుడో ఆయనకే తెలియదు. నేనూ మరో ముగ్గురూ పేర్లిచ్చాం. అన్నతో కలిపి ఏడుగురు ఇవ్వలేదు.

"ఇప్పుడు పదో పేజీలో ఉండాము. ఇంక ఆరు పేజీలకు ఎడారిలో పడి చావల్నా?" అన్నాడు అన్న.

"మందు అయిపోతుందన్నా."

"నువ్వు పో అయివారూ. నీకు పుస్తకమంటే నమ్మకం లేదు గదా, పో."

ఆ మధ్యాహ్నమే అన్న చిన్నాన్న కూతురు వచ్చింది. రాయచోటి మనిషి, సాల్మియాలో ఒక ఇంట్లో పని. ఆ ఇంటివాళ్లు సౌదీ వెళ్లిపోతూ పాస్‌పోర్టు చేతిలో పెట్టి, డ్రైవరుతో అబ్బాసియా దాకా పంపించారట. "మామా ఏడ్చింది సార్. నేను ఏడ్చలే. ఆయమ్మకే ఎక్కువ బయం" అంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. అన్నం తిని, చేతులు కడుక్కుని, అలమర మీద పసుపు గుడ్డ పరిచి పెట్టిన పుస్తకం తీసింది. చదువు రాని మనిషి. నాలుగు పేజీలు తిప్పి నవ్వింది.

"ఎవురు కుట్టినారన్నా దీన్ని? ఎనకనుంచి కుట్టినారే."

అందరూ ఆమె చుట్టూ చేరారు.

"మా ఇంట్లో పిల్లోల్లు దీని క్యాసెట్టు దినామూ ఏస్తాండిరి. నాకు మాటలన్నీ నోటికి వచ్చు. ఫస్టు ఉత్త ఇసక. అయినాక దూరంగా చుక్కలు. అవి పెద్దగైతా పెద్దగైతా వాకిట్లోకి వస్తాయి. ఆ పిల్ల చెప్తాది, పదండి పదండి పోదామని. యల్లా యల్లా అని అరుస్తాది పాపం. ఎవురూ ఇనరు, ఇండ్లల్లో కూసుంటారు. ఆకర్న లేసి పోతారు. ఊరు కాలిపోతాది. అది ఆకరు బొమ్మ."

"క్యాసెట్టు వేరు, పుస్తకం వేరు పాపా" అన్నాడు అన్న. "పుస్తకంలో మార్చినారని అయివారే చెప్పినాడు. కాదా అయివారూ?"

నిజమే, నేనే చెప్పాను. నేను పుస్తకం అందుకున్నాను. మొదటి పేజీలో పొగ మధ్య లైట్‌హౌస్ నిలబడి ఉంది. దాని దీపం గది అద్దం ముక్కలై ఉంది. అయిదో పేజీలో అదే అద్దం మీద పెద్ద బీట. తొమ్మిదో పేజీలో సన్నటి గీత. పన్నెండో పేజీలో చెక్కు చెదరని అద్దం. డమ్మీ కట్టిన సాయంత్రం కూడా ఇది చూశాను. ఎవరో బాగుచేసి ఉంటారులే అని సర్దుకున్నాను. నాకు కావలసిన వరస కోసం పగిలిన అద్దాన్ని అతికించుకున్నాను. నిమ్మకాయ వల్ల బెల్టు తెగిందనుకున్న మనిషి నాకంటే ఏం తక్కువ తెలివి చూపాడు?

ఇక్కడ వెంటనే లేచి తప్పు ఒప్పుకున్నానని రాయాలని ఉంది. రాస్తే అబద్ధం. "చూడాలి" అని పుస్తకం అలమర మీద పెట్టి మేడ మీదికి పోయాను. ఆ సాయంత్రమంతా నాకు నేను చెప్పుకున్న కారణాలు ఇప్పటికీ గుర్తున్నాయి. నేను చెప్పినా నమ్మరు. నమ్మకం అనేదాన్ని నమ్మకంగా ఎదిరించాలి గాని, పేజీల వరస సరిచేసి కాదు. బస్సెక్కమని చెప్పడానికి ఇంకో జోస్యం నేనే తయారుచేసినట్టవుతుంది. ఎంత గంభీరమైన కారణాలో. వాటన్నిటి కిందా ఉన్నది ఒక్కటే. ఎనిమిదేళ్లుగా తప్పు చెయ్యని అయివారు, అది కూడా తన పనిలో, తన చేత్తో, పేజీలు తిరగేసి కుట్టాడని పదిమందిలో చెప్పాలి.

మర్నాడు పొద్దున మెస్‌లోకి దిగేసరికి అన్న సూది పట్టుకుని వెలుతురులో చూస్తున్నాడు.

"ఏంటన్నా, సగమే తీశావు?"

"సగమే ఏసుకుంటాండా మూన్నాల్లనుంచి. ముప్పై రెండో దినం దాకా రావాల గదా."

ఆయన పాదాలు ఉబ్బి ఉన్నాయి. చెప్పులు పట్టక మడమల మీద తొక్కుకుంటూ నడుస్తున్నాడని అప్పుడు చూశాను. నా తప్పు కొలత సీసాలో కనబడింది.

అలమర మీంచి పుస్తకం తీసుకుని బల్ల మీద పెట్టాను. జనం పుస్తకం చూడడానికి అప్పుడే చేరుతున్నారు.

"ఇది తిరగేసి కుట్టింది నేనే. జపాన్ పుస్తకం ఎటునుంచి మొదలవుతుందో నాకు తెలియదు. తెలియదని ఎవరినీ అడగలేదు. చెల్లెమ్మ చెప్పిన వరసే సరైనది. ఈ అద్దం చూడండి. పగిలిన అద్దం దానంతటది అతుక్కోదు కదా. తప్పు నాది" అన్నాను.

అన్న పుస్తకం వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"ఇంగొకసారి అను."

"తప్పు నాదన్నా."

"బెల్టు తెగింది?"

"బెల్టు పాతది. అది నా తప్పు కాదు. ఇది నా తప్పు."

అన్న లేచి నిలబడ్డాడు. నమ్మలేనట్టు తల ఊపుతూ జనం వైపు తిరిగాడు. "ఇన్నారు గదబ్బా. ఎనిమిదేండ్లు ఒక్క గదిలో ఉండాము. పొద్దు పడమట పొడిచినా ఈయప్ప నోట ఈ మాట రాదనుకుంటి. ఇంతకన్నా శకునం ఏం కావల్ల మీకు? ఏందో పెద్ద కీడే వస్తాండాది. యల్లా, మూటలు కట్టండి."

"అది కాదన్నా, అద్దం చూడమంటున్నాను" అన్నాను.

"అద్దం గిద్దం నువ్వే చూసుకో. ఆ మలయాళీ ఆయప్ప యాడుండాడు?"

మధ్యాహ్నానికి ఏడు పేర్లూ జాబితాలో ఎక్కాయి. చెల్లెమ్మతో ఎనిమిది. ఒక్కరూ అద్దం చూడలేదు. అందరూ నా మొహమే చూశారు. నా జీవితంలో నేను గెలిపించిన ఏకైక మూఢనమ్మకం అదే, అది కూడా నా మీద.

ప్రయాణం గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా రాయడానికి ఏమీ లేదు. ఎండ, దుమ్ము, బాగ్దాద్‌లో ఒక రాత్రి, సరిహద్దు దగ్గర గుడారాలు. రెండో రోజు గుడారాల్లో ఒక డాక్టరు అన్న పాదాలు చూసి, "ఇంకో వారం ఆగితే కాలు తీసేయాల్సి వచ్చేది" అని, నిండు మోతాదు ఇన్సులిన్ ఇచ్చాడు. అన్న నా వైపు తిరిగి, "చూసినావా, శకునం ఎంత నిజమో" అన్నాడు.

చెల్లెమ్మ సంచిలో డమ్మీ ఉంది. సాయంత్రం గుడారం నీడలో పిన్నులు పీకి, పేజీలు సరైన వరసలో పేర్చి, చీర పిన్నీసుతో గుచ్చింది. ఖాళీ ఇసుకతో మొదలై, కాలిపోయే ఊరితో ఆగింది.

"ఆ తర్వాత ఏమవుతుందమ్మా?" అని అడిగాను. నాకు రాని సంగతి ఒకటి ఒకరిని అడిగి తెలుసుకోవడం కొత్తగా, కొంచెం హాయిగా ఉంది.

"ఊర్లోవాల్లు తిరిగొచ్చినాక దీపం మల్లా ఎలుగుతాది సార్. వాల్లు రాందే ఎలగదు."

"పుస్తకంలో మార్చినారేమోలే పాపా" అన్నాడు అన్న, పడుకున్నచోటి నుంచి.

ఆ పేజీలు మాకు రాలేదు. ఆరో సంపుటం ఆ ప్రెస్సులో అచ్చు కాలేదు. నేను రాజమండ్రిలో వేరే ప్రెస్సులో చేరాను. ఆ చలికాలంలో యుద్ధం మొదలైంది. నూనె బావులు తగలబడి, కువైట్ మీద నల్లటి పొగ కమ్మిన వార్త వచ్చిన వారానికి కడప నుంచి కార్డు వచ్చింది. ఎవరిచేతో రాయించిన గుండ్రటి అక్షరాలు. "అయివారూ, ఆకరు పేజీ వచ్చింది. పుస్తకం నిజమే చెప్పింది, కుట్టినోడే తప్పు. పాదాలు బాగుండాయి. నువ్వు బాగుండావా?"

ఊరుకోగలనా? కాకతాళీయం అంటే ఏమిటో, పొగను చూసి పుస్తకాన్ని నమ్మడం ఎందుకు పొరపాటో, బెల్టు నిజంగా ఎందుకు తెగిందో వివరిస్తూ నాలుగు పేజీల జవాబు రాశాను. పోస్టు చేసే ముందు మాత్రం, నాలుగింటి మీదా వరసగా అంకెలు వేశాను.